పదకొండూ ఎనిమిదికి తిరిగిన చక్రం

సేఫ్టీ ఆఫీసరు చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టాడు.

"ఇరవై నిమిషాలు. ఆ తర్వాత ఇది మళ్ళీ సీలు లోపలికి వెళ్ళిపోతుంది మేడమ్."

మీటరమ్మ తల ఊపి కుర్చీ ముందుకు లాక్కుంది. ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఇరవై రెండేళ్ళు కొలత పరికరాల్ని పరీక్షించే ల్యాబ్ నడిపింది. ఏ మీటరు నిజం చెబుతోందో, ఏది బొంకుతోందో తేల్చి సర్టిఫికెట్ ఇవ్వడం ఆమె పని. కోర్టులు సాక్ష్యానికి పిలవడం మొదలుపెట్టాక, మీటర్ల కంటే మనుషులే ఎక్కువ బొంకుతారని అర్థమై, ల్యాబ్ మూసేసి డిటెక్టివ్ అయింది. ఎదురుగా కూర్చున్న సేఫ్టీ ఆఫీసరు ఆ ల్యాబ్‌లోనే ఆమె చేతికింద ఆరేళ్ళు పనిచేసినవాడు. అప్పట్లో అక్కా అని నోరారా పిలిచేవాడు. ఈ కేసులోకి ఆమె అడుగుపెట్టినప్పటి నుంచి మేడమ్ అంటున్నాడు.

ప్లాస్టిక్ సంచిలో ఉన్నది చేతిలో ఇమిడే యంత్రం. తుపాకీకి ఉన్నట్టు పిడి, ముందు వెడల్పైన గాజు మూతి, వెనక అంకెలు కనిపించే చిన్న తెర. కాగితాల మీద దాని పేరు స్ట్రోబోస్కోపు. మిల్లులో అందరూ స్ట్రోబ్ లైట్ అనే అంటారు. తిరిగే చక్రం మీద దాని వెలుగు టపటపా మెరుస్తుంది, నిమిషానికి ఇన్నిసార్లని లెక్కగా. చక్రం వేగమూ మెరుపు వేగమూ ఒక్కటైతే, ప్రతి మెరుపుకీ చక్రం అదే చోట దొరుకుతుంది. గిర్రున తిరిగేది కాస్తా కంటికి కదలకుండా నిలబడిపోతుంది. అప్పుడు బెల్టులో చీలికనూ, బోల్టులో వదులునూ తీరిగ్గా చూసుకోవచ్చు. చెయ్యి మాత్రం పెట్టకూడదు.

నాలుగు రోజుల కిందట ఈ కాగితం మిల్లులో పెద్ద మెకానిక్ అలా చెయ్యి పెట్టి పోయాడని రిపోర్టు.

ఆయన్ని అందరూ నాడి మేస్త్రి అనేవాళ్ళు. మెషీను ఒంటి మీద అరచెయ్యి ఆనించి, కాసేపు కళ్ళు మూసుకుని, వణుకు ఎక్కడ పుడుతోందో చెప్పేవాడు. తర్వాత స్ట్రోబ్ లైటు పెట్టి చూస్తే రోగం సరిగ్గా అక్కడే ఉండేది. భార్య పోయి తొమ్మిదేళ్ళయింది. ఒక్కతే కూతురు, అదే మిల్లులో పై అంతస్తు కంట్రోల్ రూమ్‌లో ఆపరేటరు.

రిపోర్టు రాసింది ఈ సేఫ్టీ ఆఫీసరే. తడి కాగితం ఆరబెట్టే హాలు వెనక, ఆవిరి లాగే పెద్ద ఫ్యాను గదిలో, ఉదయం పది పదిహేనుకి, నడుస్తున్న ఫ్యాను పుల్లీని లైటుతో చూస్తూ, అది ఆగి ఉందని భ్రమపడి మేస్త్రి చెయ్యి పెట్టాడు. చెయ్యి బెల్టులో చిక్కింది. మోటారు మీద బరువు పడి పది ఇరవైకి ఫ్యాను దానంతట అదే ఆగిపోయింది. ఎందుకాగిందో తెలియక పదకొండూ ఎనిమిదికి పైనుంచి మళ్ళీ నడిపారు. పదకొండూ ఇరవైకి నూనె పోసే మనిషి లోపలికి వెళ్ళి చూశాడు. కారణం: మృతుడి స్వీయ అజాగ్రత్త.

మొన్న సాయంత్రం కూతురు ఆ రిపోర్టు నకలు పట్టుకుని మీటరమ్మ ఇంటికి వచ్చింది. కన్నీళ్ళు లేవు. కొత్తగా చేరేవాళ్ళకి పాఠం చెప్పడానికి నాన్న పేరుతో బోర్డు రాయిస్తున్నారట, ఇలా చెయ్యకండి అని. ఆ మాట చెప్పి కాసేపు గోడ వంక చూస్తూ కూర్చుంది. లైటు వెలిగిస్తే నాన్న ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో పెట్టేసుకునేవాడని, అది ముప్ఫై ఏళ్ళ అలవాటని చెప్పింది. "మా నాన్న అలా చెయ్యడండీ. అంతకు మించి నాకేం తెలీదు."

మీటరమ్మ సంచి విప్పి లైటు మీట నొక్కింది. తెర మీద 960 వచ్చింది. ఈ రకం పరికరం ఆఖరిసారి ఏ వేగం మీద పెడితే ఆ అంకె దాచుకుంటుంది.

"ఫ్యాను స్పీడు అదే," అన్నాడు సేఫ్టీ ఆఫీసరు. "ఫ్యానుకి బిగించిన వివరాల రేకు మీద కూడా అంతే ఉంది. ఆ స్పీడులో పెడితే చక్రం నిలబడినట్టుంటుంది. అంతకంటే ఏం కావాలి మీకు?"

ఆమె చిన్న స్క్రూడ్రైవరు తీసి, మూతికున్న రెండు మరలూ ఊడదీసి, గాజు పక్కన పెట్టింది. లోపల వేలెడంత బల్బు, వంపు తిరిగిన సన్నటి గాజు గొట్టం. ఆమె కళ్ళద్దాలు పైకి నెట్టుకుని దగ్గరగా చూసింది. గొట్టం మీద ఒకచోట గోధుమరంగు మచ్చ ఉంది. మసి కాదు. సన్నటి గీతలున్న మచ్చ.

ఈ బల్బుని వట్టి వేళ్ళతో ముట్టుకోకూడదు. వేలి జిడ్డు గాజుకి అంటుకుంటే, వెలిగినప్పుడు ఆ వేడికి మాడి అక్కడే పాతుకుపోతుంది. నాలుగు రోజులకో వారానికో బల్బు ఆ చోటే చిట్లుతుంది. అందుకే తెలిసినవాళ్ళు గుడ్డతోనో కాగితంతోనో పట్టుకుంటారు. మేస్త్రి లైటుని ఎంత అపురూపంగా చూసుకునేవాడో కూతురు పూసగుచ్చినట్టు చెప్పింది. వాడినా వాడకపోయినా నెలకోసారి ఛార్జి పెట్టేవాడు. పది నిమిషాలు వెలిగిస్తే పది నిమిషాలు ఆర్పేవాడు, దానికీ ఊపిరాడాలని. బల్బు మార్చాలంటే ఇస్త్రీ చేసిన చేతిరుమాలు కావాల్సిందే. "నాకు కూడా అంత మంచి రుమాలు ఇచ్చేవాడు కాదు," అని అప్పుడు ఒకసారి నవ్వబోయింది ఆ పిల్ల. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఈ బల్బు పెట్టిన చెయ్యి మేస్త్రిది కాదు.

మీటరమ్మ ఆ సంగతి పైకి అనలేదు. ఫోటో తీసుకుని, మరలు బిగించి, రెండే ప్రశ్నలు అడిగింది. బెల్టులో చిక్కింది ఏ చెయ్యి? కుడి, అన్నాడు. లైటు ఎక్కడ దొరికింది? గోడ కొక్కేనికి వేలాడుతూ, అన్నాడు. అని, ఆ రెండు జవాబులూ పక్కపక్కన పడితే ఎలా ఉన్నాయో తనకే వినిపించినట్టు గడియారం అందుకున్నాడు.

"కుడిచేత్తో లైటు పట్టుకున్నవాడు కుడిచెయ్యే ఎలా పెట్టాడు, లైటుని కొక్కేనికి తగిలించి మరీ?"

"మనిషి అన్నాక ఏదో ధ్యాసలో ఉంటాడు. మీరు ఆరు నిమిషాలు మిగిల్చారు."

"ఫ్యాను గదిలో వాడుకుంటాను," అని ఆమె లేచింది.

*

ఫ్యాను గది గుమ్మం పక్కనే గోడకి ఎర్ర బొత్తం ఉంది. దాన్ని నొక్కితే ఫ్యాను ఆగుతుంది. మళ్ళీ నడపాలంటే బొత్తాన్ని బయటికి లాగాలి, తర్వాత పైన కంట్రోల్ రూమ్‌లో స్టార్టు మీట నొక్కాలి. లోపల మనిషి పనిచేస్తుంటే బొత్తానికి ఒక బిళ్ళ తగిలించడం నియమం. మీటరమ్మ బొత్తం నొక్కి, బిళ్ళ తగిలించి, బిళ్ళ మీద తన పేరు రాసి, చక్రం పూర్తిగా ఆగేదాకా నిలబడి, అప్పుడు లోపలికి నడిచింది. సేఫ్టీ ఆఫీసరు గుమ్మం దగ్గరే ఉండిపోయాడు. ఈ నాలుగు రోజుల్లో ఒక్కసారైనా ఆ గడప దాటాడా అని ఆమెకి అనుమానం వచ్చింది.

పుల్లీ గుమ్మంలోంచి కనిపించదు. ఫ్యాను రేకు డొప్ప అడ్డం. చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళాలి. గోడకీ డొప్పకీ మధ్య ఒక మనిషి ఒరిగి నిలబడేంత సందు. నేలంతా కడిగేశారు. అయితే కడిగినవాళ్ళు కంటికి ఎదురుగా ఉన్నదే కడిగారు. మోటారు దిమ్మ వెనక, అడుగున, అరచేతిలో పట్టే తెల్ల పెయింటు డబ్బా ఉంది. మూత పక్కన ఉంది. డబ్బాలో పెయింటు మీద మీగడ కట్టింది. ఆమె పెన్సిలు మొనతో పొడిచి చూస్తే కింద ఇంకా మెత్తగానే ఉంది. నాలుగైదు రోజుల నాటిది.

ఆమె పుల్లీకి అడ్డంగా ఉన్న రక్షణ జాలీ విప్పి, మోకాళ్ళ మీద వంగి చూసింది. స్ట్రోబ్ లైటుతో పని మొదలెట్టే ముందు ఎవరైనా చక్రం మీద ఒక తెల్ల గీత గీసుకుంటారు. కంటికి ఆనవాలు దొరకాలి కదా. ఇక్కడ గీత ఉంది, కానీ సగమే ఉంది. కుంచె పైనుంచి కిందికి వస్తూ మధ్యలో ఆగిపోయింది. ఆ సగం గీతకి కూడా అంచు తిన్నగా లేదు, చక్రం తిరిగే వైపుకి తోకల్లా సాగిపోయి ఉంది. తల ఎత్తి ఎదుటి గోడ చూసింది. తెల్లటి చుక్కలు. చెల్లాచెదురుగా కాదు, తాడు పట్టి కొట్టినట్టు ఒకే వరసలో, నేల నుంచి తలెత్తు దాకా.

పెయింటు తడిగా ఉండగానే చక్రం తిరిగింది. గీత పూర్తి కాకుండానే తిరిగింది. నడిచే చక్రం మీద ఎవరూ కుంచెతో గీత గీయరు.

ఆమె కుంచె కోసం వెతికి, కడిగినవాళ్ళు దాన్ని ఊడ్చేసి ఉంటారనుకుని లేచింది.

తను తెచ్చుకున్న మెరిసే టేపు ముక్క పుల్లీ మీద అంటించి, రక్షణ జాలీ బిగించి, బయటికి వచ్చి, బిళ్ళ తీసి, బొత్తం లాగి, పైకి ఫోన్ చేసి ఫ్యాను నడపమంది. ఈ పూట పైన ఉన్నది వేరే ఆపరేటరు. మేస్త్రి కూతురిది మధ్యాహ్నం రెండింటి నుంచి డ్యూటీ. ఫ్యాను ఊపందుకున్నాక తన సంచిలోంచి సొంత స్ట్రోబ్ లైటు తీసింది.

"మూర్ఛలున్నవాళ్ళు ఎవరైనా ఉంటే పక్కకి వెళ్ళండి, ఈ వెలుగు పడదు," అని వాకిట్లో గుమిగూడిన ఇద్దరు ముగ్గురికి చెప్పి, సేఫ్టీ ఆఫీసరు వైపు తిరిగింది. "నువ్వు రా. చూడు."

అతను కదల్లేదు. ఆమె కూడా కదల్లేదు. చివరికి ఆమె వెనకే డొప్ప పక్కగా, పుల్లీ కనిపించే చోటికి వచ్చాడు.

వేగం తెలియని చక్రం మీద లైటు ఎలా వెయ్యాలో ఇద్దరికీ తెలుసు. సగం వేగంలో మెరిసినా చక్రం నిలబడినట్టే కనిపిస్తుంది గనక కింది నుంచి పైకి పోతే మోసపోతాం. పైనుంచి కిందికి రావాలి. ఆమె రెండువేల నుంచి దించుతూ వచ్చింది. ఒకచోట చక్రం మీద రెండు టేపు ముక్కలు నిలబడ్డాయి. ఇంకా దించితే మూడు. ఇంకా దించగా దించగా, ఒక్కటే ముక్క, మేకు కొట్టినట్టు. తెర మీద అంకె 912.

"రేకు మీద తొమ్మిది వందల అరవై," అన్నాడతను నెమ్మదిగా.

"కిందటి నెల మేస్త్రి మోటారు వైపు పుల్లీ మార్చాడు. తొమ్మిది వందల అరవైలో బేరింగు వణుకుతోందని వేగం తగ్గించాడు. కూతురు ఇచ్చిన ఆయన నోట్‌బుక్‌లో తారీఖుతో సహా ఉంది. రేకు మార్చలేదు." ఆమె లైటుని 960 మీదికి తిప్పింది. నిలబడ్డ టేపు ముక్క కదిలింది. వెనక్కి, గుండ్రంగా, దాదాపు సెకనుకొకసారి తిరగసాగింది. "ఆయన పోయినప్పుడు లైటులో ఉన్నదని మీరు చెప్పే అంకె ఇది. ఈ వెలుగులో చక్రం ఆగినట్టుందా నీకు?"

అతను తెర మీది అంకె చూశాడు, మళ్ళీ చక్రాన్ని చూశాడు.

"వెనక్కి గిర్రున తిరుగుతున్న చక్రంలో పసిపిల్లలు కూడా వేలు పెట్టరు," అంది మీటరమ్మ. "ఆ అంకె పెట్టినవాడికి రేకు మీది వేగమే తెలుసు."

*

స్టోరు ఇన్‌చార్జిని మిల్లులో రేపురా గారు అంటారు. ఎవరు ఏది అడిగినా ఆయన మొదటి జవాబు అదే. యాభై దాటిన మనిషి. కౌంటరు వెనక ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. మీటరమ్మ స్ట్రోబ్ లైటు బల్బుల రిజిస్టరు అడిగితే, ఎప్పుడూ లేనిది, మారు మాట్లాడకుండా తీసి ముందు పెట్టాడు.

ఆ నెలలో బల్బు ఒక్కటే ఇచ్చారు. మేస్త్రి పోయిన రోజున. మధ్యాహ్నం ఒంటిగంటా పదిహేనుకి.

అప్పటికి మేస్త్రి పోయి రెండు గంటలు. డిపార్ట్‌మెంటు అని ఉన్న గడిలో "సేఫ్టీ" అని రాసి ఉంది. సంతకం అలుక్కుపోయింది.

ఆమె ఏమీ అడగకముందే ఆయన మొదలుపెట్టాడు. నాలుగు రోజులుగా ఇది కడుపులో పెట్టుకుని తిరుగుతున్నానన్నాడు. పోలీసులు తనని ఏమీ అడగలేదట. సేఫ్టీ ఆఫీసరు కూడా అడగలేదట. ఆ రోజు మేస్త్రి లైటు చేత్తో పట్టుకుని ఇదే కౌంటరు దగ్గరికి వచ్చాడు. బల్బు పోయింది, ఒకటి ఇవ్వమన్నాడు. తను కొత్త సరుకు దించుకుంటున్నాడు. చెయ్యి ఖాళీ లేదు.

"భోజనాల తర్వాత రమ్మన్నానమ్మా. రేపు రమ్మనలేదు. నాకు అదే గుర్తొస్తోంది, పోనీలే, రేపు రమ్మనలేదు కదా అని. ఆయన నవ్వాడు. ఇవాళ నా అదృష్టం బాగుంది, ఈ లోపు గీత గీసుకుంటాను, పెయింటు ఆరుతుంది అన్నాడు. వెళ్ళిపోయాడు."

"ఎన్నింటికి?"

"పది ముప్ఫై అయిదు. సరుకు తెచ్చిన బండి చీటీ మీద అప్పుడే టైము వేశాను. బల్బు ఆ వెనక అరలోనే ఉంది. లేచి నాలుగడుగులు వేస్తే అందేది. ఇచ్చేసి ఉంటే గబగబా గీత గీసుకుని, ఫ్యాను నడిపించుకుని దూరం నుంచి చూసుకునేవాడు కదమ్మా. ఆ వేళకి ఆ సందులో ఆయనకి పనే ఉండేది కాదు."

ఆయన ముఖం తిప్పుకున్నాడు. మీటరమ్మకి ఓదార్పు మాటలు చేతకావు. బండి చీటీ ఫోటో తీసుకుని, కౌంటరు మీదున్న ఆయన చేతిని ఒకసారి తట్టి బయటికి వచ్చింది.

వరండాలో నడుస్తూ లెక్క కట్టింది. రిపోర్టు ప్రకారం పది పదిహేనుకి చిక్కుకున్న మనిషి పది ముప్ఫై అయిదుకి స్టోరు దగ్గర నిలబడి నవ్వాడు. అంటే పది ఇరవైకి ఫ్యాను దానంతట అది ఆగలేదు. బల్బు పోయిందని చూసుకుని మేస్త్రే ఆపాడు. స్టోరుకి వెళ్ళి, బల్బు దొరక్క తిరిగొచ్చి, లైటు కొక్కేనికి తగిలించి, ఆగిన చక్రం వెనక దూరి, జాలీ విప్పి, పుల్లీ తుడుచుకుని గీత గీస్తున్నాడు. లైటు ఆ రోజు అసలు వెలగనేలేదు. మరి పదకొండూ ఎనిమిదికి...

ఆమె కాళ్ళు ఆగిపోయాయి. పదకొండూ ఎనిమిదికి పైన స్టార్టు మీట నొక్కిన చెయ్యి ఎవరిదో ఆమెకి తెలుసు. ఆ రోజు ఉదయం డ్యూటీ ఎవరిదో కూతురే చెప్పింది. మీటరమ్మ ఇంట్లో, గోడ వంక చూస్తూ.

*

సేఫ్టీ ఆఫీసరు గదిలోకి ఆమె తలుపు తట్టకుండా వెళ్ళింది. అతను ఆమె కోసమే చూస్తున్నట్టు కూర్చుని ఉన్నాడు.

ఆమె ఒక్కొక్కటే చెప్పింది. వేలిముద్ర మాడిన బల్బు, 960, తడి పెయింటు, ఒంటిగంటా పదిహేను, పది ముప్ఫై అయిదు. వింటున్నంత సేపూ అతను బల్ల అంచుని బొటనవేలితో రుద్దుతూనే ఉన్నాడు. ఆ వేలిముద్ర ఎవరిదో పరీక్షకి పంపమంటావా అని ఆమె అడిగినప్పుడు చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పంపక్కర్లేదు. నాదే."

"గుడ్డతో పట్టుకోమని నీకు నేర్పింది నేను."

"చేతులు వణుకుతున్నాయి. రుమాలు జారిపోయింది." అతను తల ఎత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నిన్ను పిలిచింది ఎవరో తెలిసి కూడా తవ్వుతున్నావే. మీట నొక్కింది ఆ పిల్ల. ఆ పిల్ల నొక్కేటప్పటికే వాళ్ళ నాన్న లేడని నేను రాశాను. పది పదిహేను అని ఎందుకు రాశాననుకున్నావు? ఎవరి కోసం? ఆ ఒక్క అంకె మీద ఆ పిల్ల బతుకుతోంది అక్కా. దాన్ని కూడా లాగేస్తావా?"

అక్కా అన్నది అతను గమనించలేదు. ఆమె గమనించింది. కుర్చీలో కూర్చుంది, అంతవరకూ నిలబడే ఉందని అప్పుడే గుర్తొచ్చినట్టు.

ఈ వృత్తిలోకి వచ్చాక నిజం చెప్పడానికి ఆమె ఎన్నడూ వెనకాడలేదు. బొంకిన మీటరు మీద ఎర్ర చీటీ అంటించి పక్కన పెట్టినంత తేలిక అది. ఇప్పుడు మాత్రం తన నోట్‌బుక్కు మూసి, దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. నిజం కావాలని ఆ అమ్మాయి తన గుమ్మం ఎక్కింది. కానీ ఈ నిజం కావాలని కాదు. తండ్రి పేరు మీది మచ్చ తుడిస్తే, ఆ మచ్చ అదే చేత్తో కూతురు గుండె మీద పడుతుంది.

"ఫ్యాను నడపమని పైకి ఎవరు చెప్పారు?" అని అడిగింది చివరికి. గొంతులో పదును లేదు.

"ఎవరూ చెప్పలేదు. దానంతట అది ఆగిందనుకుంది. మళ్ళీ నొక్కింది."

"మేస్త్రి ఎర్ర బొత్తం నొక్కి ఉంటే, ఎవరో ఒకరు కింద దాన్ని బయటికి లాగందే పైన మీట పనిచెయ్యదు."

అతను బల్ల మీది రిపోర్టుని పక్కకి జరిపాడు.

"బిళ్ళ తగిలించి ఉంటాడు కదా మేస్త్రి? బిళ్ళ ఏదీ?"

అతను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అప్పుడు మీటరమ్మకి తెలిసింది, తలుపు తను వేయలేదని. గుమ్మంలో మేస్త్రి కూతురు నిలబడి ఉంది. రెండింటికి డ్యూటీ ఎక్కే ముందు కంట్రోల్ రూమ్ లాగ్‌బుక్ తెచ్చి చూపించమని పొద్దున మీటరమ్మే చెప్పింది. పుస్తకం గుండెలకి అదుముకుని ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో ముఖం చూస్తే తెలిసిపోతోంది.

"అమ్మా, ఇలా కూర్చో," అంది మీటరమ్మ.

అమ్మాయి కూర్చోలేదు.

"నాకు తెలుసండీ," అంది. "ఆ రోజే తెలుసు. స్టార్టు చెయ్యగానే మోటారు కరెంటు చూపించే ముల్లు పైకి లేచి కిందికి దిగుతుంది. రోజూ చూస్తాను. ఆ రోజు దిగబోయి, మళ్ళీ ఒకసారి లేచింది. చిన్నగా. బెల్టు బిగుసుకుందేమో అనుకున్నాను. పన్నెండు నిమిషాల తర్వాత కింద అరుపులు వినిపించాయి. అప్పుడు నాకు ముల్లే కనిపించింది."

సేఫ్టీ ఆఫీసరు కిటికీ వైపు నుంచి తిరగలేదు. అతని భుజాలు మాత్రం కిందికి దిగిపోయాయి.

"పది పదిహేను అని రాస్తే నేను నమ్ముతాననుకున్నారు," అంది అమ్మాయి, అతని వీపుతోనే మాట్లాడుతున్నట్టు. "నమ్మినట్టే ఉన్నాను. మీరు ఇంటికొచ్చి, నా పక్కన కూర్చుని, నీ తప్పేం లేదు తల్లీ అన్నారు. నాకు అన్నం కలిపి పెట్టారు. నాన్న ఉన్నా అంతే చేసేవాడు. అందుకే మిమ్మల్ని అడగలేకపోయాను బాబాయ్."

మీటరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఈ కేసు తను తవ్వుతోందనుకుంది. తవ్వమని గడ్డపార చేతికిచ్చి, ఎక్కడ తగులుతుందో ముందే తెలిసినవాళ్ళు పక్కన నిలబడి చూస్తున్నారు.

"ఏం అడగలేకపోయావమ్మా?"

"పదకొండూ ఏడుకి కింది నుంచి ఫోన్ వచ్చింది. ఫ్యాను గదిలో ఎవరూ లేరు, క్లియర్, నడుపు అన్నారు. లాగ్‌బుక్‌లో ఆ మాట రాశాను, ఎవరన్నారో రాయలేదు. చెయ్యి రాలేదు. ఆ గొంతు బాబాయిది."

హాల్లో మెషీన్ల రొద గోడల్లోంచి సన్నగా వస్తూనే ఉంది.

అతను తిరిగినప్పుడు ఎవరూ అడగకుండానే చెప్పాడు. కాగితం తడిగా వస్తోందని అరగంటలో పై అధికారులు ముగ్గురు ఫోన్ చేశారు. ఇదే కిటికీలోంచి మేస్త్రి లైటు పట్టుకుని స్టోరు వైపు వెళ్ళడం చూశాడు. పని అయిపోయింది, లైటు అప్పగించడానికి వెళ్తున్నాడు అనుకున్నాడు. తిరిగి రావడం చూడలేదు. ఫ్యాను గది గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి బొత్తానికి బిళ్ళ ఉంది. తియ్యడం మర్చిపోయాడులే అనుకుని తీసి జేబులో వేసుకున్నాడు. బొత్తం లాగాడు. ఫోన్ చేశాడు. లోపలికి వెళ్ళి చూడలేదు. చుట్టూ తిరిగి పది అడుగులు. మధ్యాహ్నం ఆ లైటు కొక్కేనికి వేలాడుతూ కనిపించింది. దానికి బల్బు పెట్టి, వెలిగించి, అంకె తిప్పాడు.

"పిల్ల కోసమే చేశాను అనుకున్నాను," అన్నాడు. "ఆ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో."

అమ్మాయి లాగ్‌బుక్ తెచ్చి మీటరమ్మ ముందు పెట్టింది.

"నాన్న పేరు కొట్టేయండి. మా ఇద్దరి పేర్లూ రాయండి."

మీటరమ్మ నోట్‌బుక్కు తెరిచింది. కలం పట్టుకుంది గానీ వెంటనే రాయలేదు. అడగవలసినది ఇంకొకటి ఉంది. ఇలాంటి ప్రశ్న ఈ పిల్ల ముందు అడగవచ్చునా అని వెనకాడింది. అమ్మాయి కదిలే మనిషిలా కనిపించలేదు.

"ఫ్యాను ఆగి ఉంది. గది నిశ్శబ్దంగా ఉంటుంది. గుమ్మంలో నిలబడితే లోపల మనిషి అలికిడి తెలియాలి. నీకేమీ వినపడలేదా?"

అతను బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఎవరో దగ్గారు. ఒకసారి. పక్క హాల్లో అనుకున్నాను. వట్టి దగ్గే కదా, ఎవరిదైనా కావచ్చు."

అమ్మాయి అప్పుడు కూర్చుంది. నాలుగు రోజుల్లో మొదటిసారి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాన్నకి పెయింటు వాసన పడదు బాబాయ్," అంది.